ఏది అసలు, ఏది కొసరు: పాత ఇటాలియన్ సూపర్‌కార్ల విలువపై చర్చ

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, వేలంపాటల విశ్లేషకురాలు, పాత కార్ల పునరుద్ధరణ ఇంజినీరు, ఆటోమొబైల్ చరిత్ర అధ్యాపకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరీలో జరిగిన వేలంలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే ఆ కారు బాడీ 1962 నాటిది కాదు, 1964లో మార్చినది. పెయింటు నుంచి బోల్టు దాకా అన్నీ ఒరిజినలే కావాలని పట్టుబట్టే ఈ రంగంలో, బాడీయే మారిన కారుకు అంత ధర ఎలా పలికింది? మేడమ్, మీరే మొదలుపెట్టండి.

విశ్లేషకురాలు: ఆ కారు ఛాసిస్ నంబరు 3413. దానితో ఎదోయార్దో లువాల్ది గబార్ది 1962లో ఇటలీ జాతీయ జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. రెండేళ్లకు కొత్త ఆకారపు జీటీఓ వచ్చేసరికి, పందేల్లో వెనకబడకూడదని దీనికీ ఆ బాడీనే తొడిగించారు. ఆ పని చేసింది మొదటి బాడీని కొట్టిన మొదెనాలోని స్కాలియెట్టి వర్క్‌షాపే. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్ మాత్రం మొదటివే. అంటే ఆ మార్పు కారు పోటీల్లో బతికున్న రోజుల్లో, దాన్ని తయారుచేసినవాళ్ల చేతుల్లోనే జరిగింది. అదే బాడీని 1994లో ఎవరైనా, స్కాలియెట్టి పనివాళ్ల కంటే నున్నగా కొట్టి తొడిగి ఉంటే ధర సగానికి పడిపోయినా నేను ఆశ్చర్యపోను. కొనేవాడు చూసేది భాగం ఎంత పాతదని మాత్రమే కాదు. అది ఎప్పుడు, ఎవరి చేత, ఎందుకు మారిందో కాగితం మీద ఉందా అని కూడా చూస్తాడు.

2023 నవంబరులో న్యూయార్క్‌లో 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికిన 3765 నంబరు జీటీఓ సంగతీ ఇంతే. 1962లో నాలుగు లీటర్ల ఇంజిన్‌తో ఫెరారీ సొంత జట్టు తరఫున న్యూర్బర్గ్‌రింగ్, లె మాన్స్ పందేల్లో పరుగెత్తిన కారు అది. తరువాత దానికి మూడు లీటర్ల ఇంజిన్ పెట్టారు. ఆ మార్పు కూడా దాని చరిత్రలో భాగమే తప్ప లోపం కాదు.

వ్యాఖ్యాత: మరి అందరూ జపించే ‘మ్యాచింగ్ నంబర్స్’, అంటే కర్మాగారంలో కొట్టిన నంబర్లన్నీ కలవాలన్న మాటేమిటి?

ఇంజినీరు: అది అవసరమే కానీ, అదొక్కటే చాలదు. ఆనాటి ఫెరారీ మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు ఉంటాయి. వీటికి తోడు కర్మాగారం తన లెక్క కోసం కొట్టుకున్న అంతర్గత నంబరు, బాడీ కట్టినవాళ్లు లోపలి రేకుల మీద వేసుకున్న నంబరు కూడా ఉంటాయి. మోసం చేసేవాడు మొదటి రెండింటి జోలికి వెళ్తాడు కానీ, తలుపు అట్ట వెనుక ఉండే నంబరు చాలాసార్లు వాడికి గుర్తుండదు. అందుకే నేను ముందుగా అక్కడ చూస్తాను. ఇక ఇంజిన్ బ్లాకు మీది పంచింగ్ దగ్గరికి వస్తే, అంకెల కంటే ముందు అంకెల చుట్టూ ఉన్న లోహాన్ని చూడాలి. పోత పోసిన అల్యూమినియానికి సన్నటి గరుకు ఉంటుంది. పాత నంబరును గ్రైండ్ చేసి కొత్తది కొట్టిన చోట ఆ గరుకు చెదిరిపోయి, చేత్తో తడిమితే తెలిసేంత చిన్న పల్లం పడుతుంది. దాన్ని మళ్ళీ గరుకు చేసేవాళ్లూ ఉన్నారు, కానీ ఆ గరుకు అన్ని వైపులా ఒకేలా, అతిగా క్రమబద్ధంగా ఉంటుంది. పోతకు ఆ క్రమశిక్షణ ఉండదు.

అధ్యాపకుడు: ఇందులో మరో విషాదం ఉందండి. జీటీఓలు తయారైనవి 36 మాత్రమే. అవి అందని ఎత్తుకు వెళ్లాక, వాటికి నకళ్లు కట్టడం కోసం అదే కుటుంబానికి చెందిన నాలుగు సీట్ల 250 జీటీఈలను ఎన్నింటినో కోసేశారు. నకలు బాగా కుదిరిన ప్రతిచోటా ఒక నిజమైన ఫెరారీ మాయమైంది. 2019లో బొలోన్యా న్యాయస్థానం జీటీఓ ఆకృతిని కళాకృతిగా గుర్తించి, దాన్ని ఇతరులు తయారుచేయకుండా రక్షణ ఇచ్చింది. కానీ అప్పటికే తెగిపోయిన జీటీఈలకు అది ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

వ్యాఖ్యాత: లంబోర్గిని వైపు వద్దాం. మియూరా గురించి చాలామంది ప్రేక్షకులు అడుగుతున్నారు.

అధ్యాపకుడు: 1966 జెనీవా ప్రదర్శనలో కనిపించిన కారు అది. బెర్తోనె సంస్థలో మార్చెల్లో గండీని రూపమిచ్చాడు. జాన్ పాలో దల్లారా, పాలో స్తంజానీ యాంత్రిక నిర్మాణం చూశారు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను సీట్ల వెనుక అడ్డంగా కూర్చోబెట్టి, గేర్‌బాక్స్‌ను కూడా అదే పోతలో కలిపేశారు. పీ400, ఎస్, ఎస్‌వీ అనే మూడు దశల్లో కలిపి తయారైనవి సుమారు 760. వాటిలో 1971లో మొదలైన ఎస్‌వీలు దాదాపు 150. సహజంగానే ధర అంతా ఎస్‌వీ వైపు ఒరిగింది.

ఇంజినీరు: దాంతో ఎస్‌వీలు పుట్టుకు రావడం మొదలైంది! హెడ్‌లైట్ల చుట్టూ కనురెప్పల్లాంటి నల్లని పట్టీలు పాత మియూరాలకు ఉంటాయి, ఎస్‌వీకి ఉండవు అని అందరికీ తెలుసు. కాబట్టి ఆ రెప్పలు తీసేసి, వెనుక మడ్‌గార్డులను వెడల్పు చేసి, పెద్ద చక్రాలు వేస్తే చూసేవాడికి ఎస్‌వీయే. నేను ఆ రెప్పలను లెక్కలోకే తీసుకోను. కర్మాగారం నుంచే రెప్పలతో వచ్చిన నిజమైన ఎస్‌వీలు కొన్ని ఉన్నాయి మరి. కారు కిందికి దూరి, వెనుక సస్పెన్షన్ చేతులు ఛాసిస్‌కు తగిలే చోటును చూస్తాను, ఎందుకంటే ఎస్‌వీకి ఆ అమరికే వేరు. తరువాత ఛాసిస్ రేకు మందం కొలుస్తాను, ఎందుకంటే తొలి కార్ల రేకు పలచన, తరువాతి వాటిలో దాన్ని పెంచారు. ముందు, వెనుక పెద్ద మూతలు అల్యూమినియం, మధ్య భాగం ఇనుము. ఇనుము ఉన్నచోట అయస్కాంతం పట్టకపోతే లోపల పుట్టీ పేరుకుందని అర్థం. ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీకి ఇది చెప్పక్కరలేదు. వేలానికి వచ్చే కోటీశ్వరులకు మాత్రం చెప్పాల్సివస్తోంది.

వ్యాఖ్యాత: కాలక్రమంలో ఎస్‌వీగా మార్చిన కారు పనికిరానిదా?

ఇంజినీరు: నడపడానికి బ్రహ్మాండంగా ఉండవచ్చు. దాన్ని మార్చిన ఎస్ అని చెప్పి, ఎస్ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు.

విశ్లేషకురాలు: అయితే ఒక మాట. మియూరాలకు మంటలంటుకునే చెడ్డపేరు ఉంది. వెబర్ కార్బ్యురేటర్ల నుంచి కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడటం దానికి ఒక కారణం. ఆ గొట్టాలను, కనెక్షన్లను మెరుగైనవాటితో మార్చిన కారును ‘ఒరిజినల్ కాదు’ అని తగ్గించే పాత కార్ల పోటీల న్యాయనిర్ణేతలను చూస్తే నాకు చిరాకు వేస్తుంది. అసలు గొట్టాలతో పాటు కారే బూడిదైతే ఇక లెక్కించడానికి మిగిలేదేముంది?

ఇంజినీరు: దానికి ఒప్పుకుంటాను, తీసిన గొట్టాలను పెట్టెలో పెట్టి కారుతోపాటే ఇస్తే.

వ్యాఖ్యాత: ఈమధ్య దుమ్ము పట్టిన కార్లకు కూడా విపరీతమైన ధర వస్తోంది కదా?

విశ్లేషకురాలు: జపాన్‌లో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఫెరారీ డేటోనా ఒకటి 2017 సెప్టెంబరులో మరనెల్లోలో జరిగిన వేలంలో, దుమ్ము కూడా తుడవకుండా, 18 లక్షల యూరోలు దాటింది. రోడ్డు కోసం అల్యూమినియం బాడీతో కట్టిన ఏకైక డేటోనా అది. పోతే 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో, ఒకప్పుడు నటుడు అలేన్ దెలోన్ దగ్గరున్న ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్, పాత పత్రికల కట్టల కింద దొరికిన స్థితిలోనే 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది.

ఇంజినీరు: దుమ్ముకు కట్టిన ధరను మాత్రం నేను సమర్థించలేను. దుమ్ము చరిత్ర కాదు, దాని కింద తుప్పు పట్టకుండా నిలిచిన మొదటి పూత చరిత్ర. ఫెరారీ ఎఫ్40నే చూడండి. బరువు తగ్గించాలని కర్మాగారం ఎంత పలుచగా రంగు కొట్టిందంటే, ఎండలో పక్కనుంచి చూస్తే బాడీలోని కెవ్లార్, కార్బన్ పోగుల నేత గళ్లు రంగులోంచి కనిపిస్తాయి. కొంతమంది యజమానులు అది లోపమనుకుని, అద్దంలా మెరిసేలా మళ్ళీ పెయింట్ చేయించారు. నేత కనబడదు, బరువు పెరిగింది, ఇప్పుడు డబ్బు పోసినా మొదటి పూత తిరిగి రాదు. అదే కారులోని రబ్బరు పెట్రోలు సంచులు మాత్రం కాలం తీరగానే మార్చి తీరాలి. వాటిని మార్చని కారును ‘ఎవరూ ముట్టుకోని కారు’ అని గొప్పగా అమ్మితే, అది ప్రమాదాన్ని అంటగట్టడమే.

అధ్యాపకుడు: పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన తూరిన్ చార్టర్ కూడా పునరుద్ధరణ కంటే ఉన్నదాన్ని నిలబెట్టడానికే ముందు చోటు ఇస్తుంది. రంగుల విషయంలోనూ ఈ మార్పు కనిపిస్తోంది. ఒకప్పుడు పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో పుట్టిన ఫెరారీ డీనో కార్లను ఎర్రగా మార్చేశారు. ఇప్పుడు అదే యజమానులు కర్మాగార కాగితాలు తెప్పించి, పుట్టు రంగును వెతుక్కుంటున్నారు.

వ్యాఖ్యాత: కర్మాగారాలే ఇప్పుడు ధృవపత్రాలు ఇస్తున్నాయి. వాటితో వివాదం తీరిపోదా?

విశ్లేషకురాలు: చాలావరకు తీరుతుంది. ఫెరారీకి క్లాసికే విభాగం ఉంది, లంబోర్గినికి 2015 నుంచి పోలో స్తోరికో ఉంది. అసలు అసెంబ్లీ కాగితాలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి వాళ్ల మాటకు బరువుంది.

ఇంజినీరు: బరువు ఉంది, కానీ ఆ మాటకు అర్థం వేరు. అసలు ఇంజిన్ పోయిన కారుకు, పాత డ్రాయింగుల ప్రకారం కర్మాగారమే కొత్త బ్లాకు పోసి ఇచ్చి, ఆ కారును ధృవీకరించగలదు. అది ‘నిర్దేశాలకు తగిన కారు’ అనడంలో సందేహం లేదు. కానీ 1967లో పోసిన బ్లాకును, నిన్నగాక మొన్న పోసిన బ్లాకును ఒకే ధృవపత్రం కింద చూస్తే, తరువాత కొనేవాడికి తేడా ఎవరు చెప్పాలి?

విశ్లేషకురాలు: ఆ ఫైలే చెబుతుంది సార్. ఏ భాగం పుట్టినప్పటిది, ఏది తరువాత వచ్చింది అన్న వివరం కావాలంటే కొనేవాడు పై అట్ట చూసి మురిసిపోకుండా, లోపలి పేజీలన్నీ తెప్పించుకోవాలి. అమ్మేవాడు ఆ పేజీలు చూపించడానికి తటపటాయిస్తే, నేనైతే నా క్లయింటుకు ఆ వేలంలో చెయ్యెత్తవద్దనే చెబుతాను.

ఇంజినీరు: అట్ట మీదే రాయమంటున్నాను నేను.