కామెర్ల రక్తపరీక్ష: ఏది, ఎప్పుడు?

యాంకర్: తిరుపతి నుంచి మా ఆరోగ్య పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈరోజు మనతో మైక్రోబయాలజీ డాక్టర్ గారున్నారు. మేడం, కళ్ళు పచ్చబడితే మనవైపు నేల ఉసిరి పసరన్నా తాగుతారు, లేదంటే ల్యాబుకెళ్ళి ‘హెపటైటిస్ అన్నీ చేసేయండి’ అంటారు. అన్నీ చేస్తే తేలిపోతుందా?

డాక్టర్: తేలదండీ. ల్యాబుకొచ్చే చీటీలో పేరు, వయసు, ‘జాండిస్’ అని ఉంటుంది. జ్వరం ఏ తేదీన మొదలైంది, కళ్ళెప్పుడు పచ్చబడ్డాయి, అది మాత్రం ఉండదు. ఆ తేదీ లేకుండా నెగెటివ్ వస్తే దానికి సగం అర్థమే.

యాంకర్: హెపటైటిస్, అంటే లివర్ వాపు తెచ్చే వైరస్‌లలో, ముందు నీళ్ళతో, తిండితో వచ్చే ఎ, ఇ రకాలు చెప్పండి.

డాక్టర్: హెపటైటిస్ ఎ సోకినాక 15 నుంచి 50 రోజుల్లో బయటపడుతుంది. ఇ అయితే 2 నుంచి 10 వారాలు. కామెర్లు కనబడే నాటికి రెంటిలోనూ ఐజీఎం, అంటే వైరస్ కొత్తగా సోకినప్పుడు ఒంట్లో ముందుగా పుట్టే యాంటీబాడీ, దాదాపు అందరికీ వచ్చేసి ఉంటుంది. చిక్కంతా ముందే వచ్చేవాళ్ళతో. రెండు రోజులుగా వాంతులు, అన్నం చూస్తేనే వికారం, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది, కళ్ళు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. అప్పుడు ఐజీఎం నెగెటివ్ అయితే ‘వైరస్ కాదు’ అని రాసెయ్యకూడదు. వారం తర్వాత మళ్ళీ రక్తం తియ్యాలి. ఆగలేని పరిస్థితైతే వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్ చెయ్యాలి.

యాంకర్: గర్భిణి అయితే?

డాక్టర్: అస్సలు ఆగకూడదు. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ ప్రాణాల మీదికి తెస్తుంది. యాంటీబాడీ రిపోర్టు రాకముందే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పీటీ ఐఎన్‌ఆర్ చూడాలి. అది 1.5కి చేరినా, మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

యాంకర్: ఐజీఎం పాజిటివ్ వస్తే ఇంక అనుమానం లేనట్టే కదా?

డాక్టర్: ఉంటుంది. హెపటైటిస్ ఎ ఐజీఎం మూడు నుంచి ఆరు నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం నిలిచిపోతుంది. మార్చిలో కామెర్లొచ్చి తగ్గిన పిల్లవాడికి జూలైలో జ్వరమొస్తే, ఆ పాజిటివ్ పాతది కావచ్చు. మనవైపు స్క్రబ్ టైఫస్, డెంగీ జ్వరాలు ఉండనే ఉన్నాయి, వాటిలోనూ ఎంజైములు పెరుగుతాయి. డెంగీలో సాధారణంగా ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ అనే ఎంజైముదే పైచేయి. అందుకే లక్షణాల్లేని వాళ్ళకు ఈ ఐజీఎం చేయించొద్దంటాను. ఇంకొకటి, రక్తం పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేస్తే సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి యాంటీబాడీలు చూసే ఎలైజా పరీక్షలో తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. ట్యూబును అరగంట నిలబెట్టాలి. తొందరలో చాలాచోట్ల ఆ అరగంటే ఎగిరిపోతుంది.

యాంకర్: బి సంగతి?

డాక్టర్: అసలు తిరకాసు అక్కడే. బికి ముందుగా చేసే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చూసేది యాంటీబాడీని కాదు, వైరస్ పై పొరలోని ప్రోటీన్‌ని. సోకిన నాలుగు వారాలకల్లా సగటున కనబడుతుంది, లక్షణాలకు సగటున మూడు నెలలు పడుతుంది. కొందరిలో, ముఖ్యంగా లివర్ తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు, అది తొందరగా మాయమైపోతుంది. దాన్ని ఎదిరించే యాంటీబాడీ ఇంకా పుట్టి ఉండదు. ఆ మధ్యకాలంలో హెచ్‌బీఎస్ఏజీ కార్డు టెస్టు ఒక్కటే చేస్తే నెగెటివ్. పట్టిచ్చేది కోర్ ఐజీఎం, అంటే వైరస్ లోపలి భాగాన్ని ఎదిరించే ఐజీఎం ఒక్కటే, అది అడిగితే తప్ప ల్యాబు చెయ్యదు.

యాంకర్: హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే కొత్తగా బి వచ్చినట్టేనా?

డాక్టర్: కాకపోవచ్చు. ఏళ్ళ తరబడి బి ఉన్న మనిషికి ఇప్పుడు ఇ వచ్చి ఉండొచ్చు. ఈ కేసు తప్పిపోవడం చాలా సులువు. ఒక్క పాజిటివ్ చూసి మిగతావి ఆపేస్తారు. కోర్ ఐజీఎం నెగెటివ్ అయితే ఎ, ఇ తప్పకుండా చూడాలి. కోర్ ఐజీఎం కొద్దిగా పాజిటివ్ వచ్చినా తొందరపడకూడదు, పాత బి రేగినప్పుడు కూడా అలా వస్తుంది.

యాంకర్: సి?

డాక్టర్: దానికి ఐజీఎం పరీక్షే పనికిరాదు. యాంటీబాడీ రావడానికి 8 నుంచి 11 వారాలు పడుతుంది, ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. సూది గుచ్చుకున్నవాళ్ళకు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు కామెర్లొస్తే నేరుగా ఆర్‌ఎన్‌ఏ అడగండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. ఇక బి అని తేలినవాళ్ళు కళ్ళు తెల్లబడ్డాయని మానెయ్యకుండా ఆరు నెలలకు హెచ్‌బీఎస్ఏజీ మళ్ళీ చేయించుకోవాలి. అప్పటికీ ఉంటే దీర్ఘకాలిక బి కింద లెక్క. ఇంట్లో భార్యాభర్తలకు, పిల్లలకు పరీక్ష, బి సోకనివాళ్ళకు టీకా ఆ ఆరు నెలలు ఆగకుండానే మొదలుపెట్టాలి.