తల్లి లేని ఒరాంగుటాన్‌కు అడవిని నేర్పేదెవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. బోర్నియో ద్వీపంలో, మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలోని సెపిలోక్ కేంద్రం 1964 నుంచి చెట్ల మీద బతికే పెద్ద వానరాలైన ఒరాంగుటాన్ల అనాథ పిల్లలను చేరదీసి తిరిగి అడవికి పంపుతోంది. డాక్టర్ గారూ, పిల్లకు పాలు పట్టి, కాస్త పెద్దయ్యాక వదిలేస్తే సరిపోదా?

పశువైద్యురాలు: పాలు పట్టడం అందులో తేలికైన పనండీ. కొత్తగా వచ్చిన పిల్లను ముందు విడిగా ఉంచి, క్షయ వంటి వ్యాధులకు పరీక్షలు చేస్తారు. మన జలుబు కూడా దానికి అంటుకుంటుంది కనుక సంరక్షకులు మాస్కు ధరిస్తారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అడవిలో పుట్టిన పిల్ల ఆరు నుంచి ఎనిమిదేళ్ల దాకా తల్లిని అంటిపెట్టుకునే ఉండి, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ కొమ్మ తన బరువు ఆపుతుందో, చీకటి పడేలోగా కొమ్మలు వంచి, వాటి మీద ఆకులు పరిచి గూడు ఎలా కట్టుకోవాలో ఆమెను చూసే తెలుసుకుంటుంది. కేంద్రానికి చేరే పిల్లల్లో చాలావాటి తల్లిని చంపి, పిల్లను పట్టుకుని ఉంటారు. అందుకే తాళ్ల మీద వేలాడటం దగ్గర్నుంచి అన్నీ మనుషులే అలవాటు చేయవలసి వస్తుంది.

వ్యాఖ్యాత: అక్కడ మేత వేదికల మీద రోజూ దాదాపు అవే పండ్లు పెడతారట. చూసేవారికి అది పిసినారితనంగా తోచదా?

పశువైద్యురాలు: తోచవచ్చు, కానీ అది కావాలని చేసేదే. ఆ తిండికి మొహం మొత్తితేనే అవి అత్తిపండ్లు, లేత ఆకులు, బెరడు, చెదపురుగులు వెతుక్కుంటూ లోపలికి వెళతాయి. వేదిక దగ్గరికి రావడం మానేసిన ఒరాంగుటానే, నా దృష్టిలో, అక్కడి సిబ్బందికి దక్కిన ఫలితం.

అటవీ పరిశోధకుడు: ఇక్కడ నాదొక అభ్యంతరం. వెళ్లడానికి అడవి మిగిలి ఉండాలి కదా! సెపిలోక్ చుట్టూ ఉన్న రక్షిత అడవి సుమారు 4,300 హెక్టార్లే. అందుకే కొన్నింటిని దూరంగా ఉన్న తబిన్ అభయారణ్యానికి తరలించారు. ఆడ ఒరాంగుటాన్ ఏడెనిమిదేళ్లకు ఒక్కసారి ఈనే జీవి కనుక, ఒక తల్లి పోతే ఆ లోటు తీరడానికి ఒక తరం పడుతుంది.

వ్యాఖ్యాత: దీనికి మన వంటింటితో సంబంధం ఉందా?

అటవీ పరిశోధకుడు: ఉంది. అక్కడి అడవులు చాలావరకు పామాయిల్ తోటల కోసమే నరికారు. ఆ పామాయిల్‌ను దిగుమతి చేసుకునే దేశాల్లో మనది మొదటి వరుస. బజ్జీల బండి మీద కాగే నూనెలోనూ అదే ఉండవచ్చు. అయితే వాడకం మానేయమనడం సరైన జవాబు కాదు. సోయా, పొద్దుతిరుగుడులతో పోలిస్తే ఆయిల్ పామ్ ఎకరానికి అనేక రెట్లు ఎక్కువ నూనె ఇస్తుంది. తోటను ఎక్కడ వేస్తున్నారన్నదే ప్రశ్న. సబాలోని కినబతంగన్ నది పొడవునా తోటల మధ్య అడవి ముక్కలుగా మిగిలింది. ఒరాంగుటాన్లకు ఈత రాదు, పెద్ద చెట్లు పోయాక ఉపనదులను కొమ్మల మీదుగా దాటే దారీ పోయింది. అక్కడ తాళ్ల వంతెనలు కడితే అవి వాటి మీద నడవడానికి కొన్నేళ్లు పట్టింది. ఒడ్డున నాటిన మొక్కలు ఆ పనికి రావాలంటే అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది.