పక్కన కొత్త బావి వేస్తే పాత బావికి ఊపొచ్చింది

శ్రోతలందరికీ నమస్కారమండీ. పక్క చేనోళ్ళు లోతుగా బోరేస్తే మన బోరు ఎండిపోద్దని మనకి భయం కదా, అమెరికాలోని నార్త్ డకోటాలో ఆయిల్ బావుల దగ్గర ఒక్కోసారి దీనికి పూర్తిగా రివర్స్ జరుగుతుంది.

అక్కడ దాదాపు 3 కిలోమీటర్ల లోతులో బాకెన్ అనే రాతి పొరలున్నాయి. ఆ రాయిలోంచి ఆయిల్ దానంతటది రాదు, అందుకని బావిని కిందికి దించి, అక్కడ అడ్డంగా తిప్పి ఇంకో 3 కిలోమీటర్లు తీసుకెళ్ళి, నీళ్ళూ ఇసుకా విపరీతమైన ప్రెషర్‌తో కొట్టి రాయిని చీలుస్తారు, ఇసుకేమో ఆ చీలికలు మళ్ళీ మూసుకుపోకుండా అడ్డం పడి ఉంటుంది. ఇదే ఫ్రాకింగ్. దీని పుణ్యమా అని 2014లో ఆ ఒక్క రాష్ట్రమే రోజుకి 10 లక్షల బ్యారెళ్ళు దాటేసింది.

కాకపోతే ఈ బావులది ఆరంభ శూరత్వం. మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోద్ది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వస్తుంటుంది. అలాంటి బావి ఉన్నట్టుండి మళ్ళీ పుంజుకుంటే? రికార్డు చూస్తే తెలుస్తుంది, దానికి ముందు కొన్ని నెలలు సున్నా ఉంటుంది, ఎందుకంటే పక్కన కొత్త బావికి ఫ్రాకింగ్ చేసేటప్పుడు పాతదాన్ని మూసి ఉంచుతారు. మూసినన్నాళ్ళూ లోపల ప్రెషర్ పోగవుద్ది, తెరవగానే ఎగదన్నుద్ది. ఇందులో వింతేం లేదు. కానీ నెలలు గడిచినా పాత లెవెల్‌కి దిగకపోతే మాత్రం అసలు సంగతి వేరే, 2008, 2010 ప్రాంతంలో తక్కువ ఇసుకతో చేసిన పాత ఫ్రాకింగ్ అందుకోలేని రాయిని ఈ కొత్త చీలికలు వచ్చి కలిపాయన్నమాట. కొన్నిసార్లు పంపు మార్చినా పెరుగుద్ది లెండి.

అన్నిసార్లూ అదృష్టం ఇలాగే ఉండదు. పక్క బావి దెబ్బకి పాత బావిలోకి ఇసుకొచ్చి పూడిపోవచ్చు, నీళ్ళతో నిండిపోవచ్చు. దీన్ని వాళ్ళు ఫ్రాక్ హిట్ అంటారు. పాతది పేరెంట్, కొత్తది చైల్డ్. తల్లి ముందే చాలావరకు తోడేసి ఉంటుంది కాబట్టి పిల్ల బావి తరచూ అనుకున్నంత ఇవ్వదు.

అందుకే పాత బావి లెక్క ఒక్కటే చూసి సంబరపడితే నాకు నమ్మకం కుదరదండీ, రెండు బావుల ఆయిలూ కలిపి చూడాలి, ఎందుకంటే కొత్త బావిలోంచి రావాల్సిందే పాత బావిలోంచి వస్తుందేమో! అమెరికాలో భూగర్భ ఖనిజం మీద హక్కు ప్రైవేటు మనుషులకి కూడా ఉంటుంది, ఆ పాత బావి మీద రాయల్టీ తీసుకునే వాళ్ళకైతే ఈ గొడవంతా అక్కర్లేదు, సన్నబడిపోయిన చెక్కు మళ్ళీ లావైంది, అంతే.