పాత సామాన్లతో పది కోళ్ల గూడు: ఏది ఏరుకోవాలి, ఏది కొనాలి

[దృశ్యం: పెరట్లో పూర్తయిన గూడు. పాత రేకుల కప్పు, ప్యాలెట్ చెక్క గోడలు, పైభాగమంతా కొత్త జాలీ.]

వ్యాఖ్యానం: నమస్తే. ఈ గూట్లో దుకాణం నుంచి కొత్తగా తెచ్చినవి జాలీ, స్క్రూలు, గడియ, కొంచెం సిమెంటు, సున్నం. మిగతావన్నీ పాతవే. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎండిన బోర్ల పైపులు, కూలగొట్టిన ఇళ్ల బండలు, కిటికీలు, పాత రేకులు వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. వాటితో గూడు నిలబెట్టొచ్చు. జాలీ దగ్గర మాత్రం పైసలు మిగుల్చుకోవద్దు. కోళ్లు పోయేది ఎక్కువగా అక్కడినుంచే.

పగలంతా బయట తిరిగి రాత్రి గూటికి చేరే నాటుకోడికి రెండు చదరపు అడుగులు సరిపోతుంది. పది కోళ్లకు ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు పెట్టుకుందాం. పగలు కూడా మూసి పెంచేటట్లయితే ఒక్కోదానికి కనీసం నాలుగు చదరపు అడుగులు కావాలి. అప్పుడు ఇదే గూట్లో ఆరింటిని మించి పెట్టకండి. ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి.

[దృశ్యం: పాత ఇనుప సామాన్ల దుకాణం. బోరు పైపుల కుప్ప.]

వ్యాఖ్యానం: స్తంభాలకు ఇంచుంబావు జీఐ పైపులు, 20 అడుగులవి రెండు. దుకాణంలో కిలో లెక్కన తూకం వేస్తారు. ఈ సైజు పైపు మందాన్ని బట్టి సుమారు 16 నుంచి 23 కిలోలు వస్తుంది, తూకం చెప్పగానే దీంతో సరిచూసుకోండి. మొదటి పైపును 7, 7, 6 అడుగులుగా, రెండోదాన్ని మూడు ఆరడుగుల ముక్కలుగా కోయించండి. నాలుగు స్తంభాలు, పైన రెండు అడ్డ పైపులు వచ్చేస్తాయి. రెండడుగుల ముక్క మిగులుతుంది. తుమ్మ కట్టెలు కూడా వాడొచ్చు. అయితే చల్క నేలలో పాతిన కట్టెను చెదలు వదలవు, అందుకే పైపు దొరికితే పైపే మేలు.

చెక్కకు ప్యాలెట్లు, అంటే సరుకు కింద పెట్టే చెక్క చట్రాలు, నాలుగు కావాలి. జడ్చర్ల, చౌటుప్పల్ వైపు కంపెనీల నుంచి బయటికొచ్చేవి స్క్రాప్ దుకాణాల్లో దొరుకుతాయి. ప్యాలెట్ పక్కన కాల్చి వేసిన ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అక్షరాలుంటే వేడితో శుద్ధి చేసిన చెక్క, తీసుకోవచ్చు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినది, వదిలేయండి. ఏ ముద్ర ఉన్నా, నూనె మరకో మందు వాసనో ఉంటే అది కోళ్లకు పనికిరాదు.

అవే దుకాణాల్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కనిపిస్తాయి. చవగ్గా వస్తున్నాయని నీళ్లకు, దాణాకు వాడకండి. అంతకుముందు అందులో ఏ రసాయనం పోశారో తెలియనప్పుడు ఎంత కడిగినా నమ్మడానికి లేదు. ఇనుప డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోయించడం ఇంకా ప్రమాదం. లోపల ఆవిరి మిగిలి ఉంటే పేలుతుంది.

ఇంకో రెండు వద్దు. మొదటిది, పాత సిమెంటు రేకులు కోయడం, విరగ్గొట్టడం. వాటిలో ఎక్కువ వాటికి ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా పోతుంది. రెండోది, పొరలు పొరలుగా రంగు లేచిపోతున్న పాత తలుపులు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. కోడి ఆ పెచ్చులు పొడుచుకు తింటే సీసం గుడ్డులోకి వస్తుంది, గుడ్డులోంచి మన పిల్లలకు చేరుతుంది.

[దృశ్యం: నేల చదును చేయడం, మొరం పోసి దిమ్మిసతో కొట్టడం.]

వ్యాఖ్యానం: ఆరడుగుల వైపు తూర్పు పడమరలుగా ఉండాలి. అట్లయితే సాయంత్రం ఎండ నాలుగడుగుల చిన్న గోడకే తగులుతుంది. ఏడడుగుల స్తంభాలు దక్షిణాన, ఆరడుగులవి ఉత్తరాన. అడుగున్నర లోతు గుంతలు తీసి పాతి, రాళ్లు దట్టించి కాంక్రీటు వేయండి. మధ్యలో అరడుగు ఎత్తు మొరం పోసి గట్టిగా కొట్టండి. ఇప్పుడు నేల మీద దక్షిణాన ఐదడుగులు, ఉత్తరాన నాలుగడుగులు మిగులుతుంది. కప్పుకు అడుగు వాలు వచ్చింది, వాన నీళ్లు వెనక్కి పోతాయి.

మొరం మీద పాత బండలు పరవండి. రెండడుగుల చదరం బండలు తొమ్మిది చాలు, విరిగిన ముక్కలైనా పర్లేదు. స్తంభాల చుట్టూ కుదరాలంటే ముక్కలే సులువు. గూటికి బయట అన్ని వైపులా అరడుగు బండ మిగలాలి. ముంగిస, పందికొక్కు గోడ పక్కనే తవ్వడం మొదలుపెడతాయి, అక్కడ బండ తగిలితే లోపలికి దారి దొరకదు. అందుకని సందులు వదలొద్దు. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక కలిపి నింపండి. తూర్పు వైపుకు ఒక అంగుళం వాలు ఇస్తే కడిగిన నీళ్లు తలుపు గుండా బయటికి పోతాయి.

[దృశ్యం: పలకలు బిగించడం.]

వ్యాఖ్యానం: బండ మీద చుట్టూ ఒక వరుస పాత ఇటుక పెట్టి, దానిపైన ప్యాలెట్ పలకలు. పలక నేరుగా బండను తాకితే చెమ్మ పట్టి మొదటి వానాకాలంలోనే చివికిపోతుంది. ఇటుకతో కలిపి దక్షిణాన, తూర్పున రెండడుగుల ఎత్తు, ఉత్తరాన ఒక అడుగు చాలు. పడమర గోడ దాదాపు పూర్తిగా మూయాలి, ఎండ, వాన జల్లు రెండూ అటునుంచే ఎక్కువ. పైన అరడుగు మాత్రం వదిలి జాలీ కొట్టండి, వేడిగాలి పోవాలి కదా. పలకకు రెండు చిల్లులు పెట్టి బైండింగ్ వైరు పైపు చుట్టూ తిప్పి మెలేస్తే వెల్డింగ్ అక్కర్లేదు. అడ్డ పైపులకు మాత్రం నాలుగు యూ క్లాంపులు వేయండి.

ఇప్పుడు జాలీ. దుకాణంలో ‘కోళ్ల జాలీ’ అని ఆరు మూలల కన్నులున్న పల్చటిది ఇస్తారు. అది కోడిని లోపల ఆపుతుందే తప్ప కుక్కను బయట ఆపలేదు. పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. పిల్లి కన్నుల్లోంచి కాలు దూర్చి, దగ్గర్లో నిద్రపోతున్న కోడిని లాగుతుంది. మనకు కావాల్సింది అరంగుళం కన్ను ఉన్న వెల్డ్‌మెష్ (తీగలను వెల్డింగ్‌తో అతికించిన జాలీ), మూడడుగుల వెడల్పుది 20 అడుగులు. దక్షిణానికి ఆరు, ఉత్తరానికి ఆరు, తూర్పుకు నాలుగు, మిగిలిన నాలుగడుగులు పడమర సందుకు, కప్పు అంచుల్లో మిగిలే ఖాళీలకు. గోడలు రెండడుగులు, ఒక అడుగు అని పెట్టింది ఇందుకే, రెండు వైపులా పైన సరిగ్గా మూడడుగులు మిగులుతుంది.

జాలీని చట్రానికి బయటి వైపు బిగించండి. లోపలి వైపు కొడితే కుక్క తోసిన ప్రతిసారీ మేకు ఊడొస్తుంది. బయట ఉంటే ఎంత తోసినా చట్రానికే ఆనుకుంటుంది. చెక్క మీద ఆరంగుళాలకొక స్క్రూ, కింద వాషర్‌గా సోడా సీసా రేకు మూత. పైపు మీద ఆరంగుళాలకొక వైరు కట్టు. మామూలు పాము అరంగుళం కన్నులో పట్టదు, పిల్లపాములు మాత్రం దూరగలవు. పాము వచ్చేది గుడ్లకు, ఎలుకలకు. సాయంత్రం గుడ్లు తీసేసి, రాత్రి దాణా లోపల ఉంచకపోతే వచ్చే పని సగం తగ్గుతుంది.

కత్తిరించిన వైరు ముక్కలు ఒక్కటీ నేల మీద ఉండొద్దు. మెరిసేదల్లా కోడి మింగుతుంది. జాలీ పూతలోని జింకు దానికి విషం. చెడిపోయిన స్పీకర్ అయస్కాంతంతో చుట్టూ ఈడ్చి ఏరేయండి.

[దృశ్యం: కప్పు మీద రేకులు పరుస్తున్నారు.]

వ్యాఖ్యానం: ఎనిమిదడుగుల రేకులు మూడు. రెండు అలలు ఒకదానిమీదొకటి ఎక్కేలా పరవాలి. ముందూ వెనకా దాదాపు రెండడుగుల చూరు వస్తుంది, జల్లు లోపల పడదు. పాత చిల్లులను తారుతో పూడ్చండి. కొత్త బోల్టు మాత్రం అల పైభాగంలోనే వేయాలి, పల్లంలో వేస్తే నీళ్లన్నీ ఆ చిల్లు మీదికే వస్తాయి. రేకు మీద రాళ్లు పెట్టి ఊరుకునేవాళ్లు చాలామంది. ఎండాకాలం గాలిదుమారానికి రాయీ రేకూ రెండూ ఎగురుతాయి. జే హుక్కులతో పైపుకు పట్టించండి.

మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఒట్టి రేకు కింద కోడి నోరు తెరిచి రొప్పుతుంది, గుడ్లు తగ్గిస్తుంది, చనిపోవచ్చు కూడా. రేకుకు మందంగా సున్నం కొట్టి, మీద కంది కట్టె జానెడు మందం పరిచి తాడుతో కట్టండి. తొలకరికి ముందు అది తీసేయాలి, తడిస్తే ఎలుకలు, తేళ్లు చేరతాయి. పాత బెంగళూరు పెంకులు దొరికితే రేకు కన్నా చల్లన. కాకపోతే బరువు ఎక్కువ, కింద పట్టీలు దగ్గర దగ్గరగా వేయాల్సి ఉంటుంది. వాడేసిన ఫ్లెక్సీ బ్యానర్ దక్షిణం వైపు వాన తెరకు బాగుంటుంది. కిందికి దించి శాశ్వతంగా కట్టేయకండి, గాలాడక పెంట వాసన లోపలే నిలిచి కోళ్ల కళ్లు, ముక్కు మండుతాయి.

[దృశ్యం: గూడు లోపల.]

వ్యాఖ్యానం: తలుపుకు పాత కిటికీ రెక్క, తూర్పున. ఊచల సందుల మీద కూడా జాలీ కొట్టాలి. ఒట్టి గొళ్లేన్ని కుక్క మూతితో ఎత్తగలదు, అడ్డ గడియ వేసి దానికి కొక్కెం పెట్టండి.

కూర్చోవడానికి రెండంగుళాల లావు వేప కొమ్మలు రెండు, రెండడుగుల ఎత్తులో, అడుగు ఎడంగా. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన పెడితే అందరికీ అదే కావాలి, రోజూ కొట్లాటే. వనరాజా లాంటి బరువు కోళ్లయితే అడుగున్నర ఎత్తు చాలు, దూకినప్పుడు కాలు బెణకదు. ఇనుప పైపు వద్దు, జారుతుంది.

గుడ్లకు పగిలిన టమాటా క్రేట్లు రెండు, పక్కకు పడుకోబెట్టి, ఉత్తరం గోడ దగ్గర చీకటి మూలలో. కూర్చునే కొమ్మకన్నా కిందుండాలి. ఎత్తులో పెడితే కోళ్లు అందులోనే పడుకుని గుడ్ల మీద రెట్ట వేస్తాయి. నేల మీద మూడంగుళాల వడ్ల ఊక. పల్లి పొట్టయితే బాగా ఎండింది చూసి వేయండి, బూజు పట్టింది కోళ్లకు ప్రాణాంతకం.

పాత చెక్కతో వచ్చే అసలు తిప్పలు గోమార్లు. పగలు పలకల సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. కోడిని పట్టి చూస్తే ఒంటిమీద ఏమీ కనిపించవు, అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు. తురాయి పాలిపోయిన కోడి ఉంటే రాత్రిపూట లైటు వేసి సందులు చూడండి. కోళ్లను పెట్టకముందే సందులన్నీ సున్నం ముద్దతో పూడ్చి, గోడలకు రెండు పూతలు సున్నం కొట్టండి. తర్వాత మూడు నెలలకొకసారి. వేరే కోళ్ల ఫారం నుంచి తెచ్చిన పాత సామాను ఏదైనా ఉంటే బ్లీచింగ్ నీళ్లతో కడిగి, వారం రోజులు ఎండలో పడేశాకే లోపలికి తేవాలి.

కోళ్లను తెచ్చే ముందు రోజు రాత్రి గూట్లో టార్చి వెలిగించి తలుపు మూసి, బయట చుట్టూ తిరగండి. జాలీ కింద ఎక్కడైనా వేలు దూరేంత వెలుగు కనిపిస్తే అక్కడ ఇంకో పలక పడాలి. కొత్త కోళ్లను నాలుగు రోజులు లోపలే మూసి ఉంచి నీళ్లు, దాణా పెట్టండి. ఐదో రోజు పొద్దు గూకడానికి గంట ముందు వదిలితే దూరం పోకుండా వాటంతట అవే తిరిగొస్తాయి.