మోటర్‌కు సొంత వెబ్ పేజీ: ఈఎస్‌పీ32తో

[తెర మీద: నర్సంపేట వైపు ఒక మిర్చి చేను, బోరు పక్కన స్టార్టర్ డబ్బా]

నమస్తే. చేను దగ్గర సిగ్నల్ లేకున్నా ఫోన్‌తో మోటర్ వేయొచ్చు. ఈ చిన్న బోర్డు పేరు ఈఎస్‌పీ32. వైఫై ఇచ్చేది ఇదే, వెబ్ పేజీ ఇచ్చేదీ ఇదే. ఫోన్‌ను దీని వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.4.1 కొట్టండి. పేజీ రాలేదా? మొబైల్ డేటా ఆపి చూడండి. ఈ వైఫైలో నెట్ లేదని చాలా ఫోన్లు డేటా వైపు మళ్లుతాయి.

[తెర మీద: రెండు లింకులున్న పేజీ]

ఎన్నో ఉదాహరణ ప్రోగ్రాముల్లో ఆన్, ఆఫ్ రెండూ మామూలు లింకులే. ఎల్ఈడీకి సరే, మోటర్‌కు మాత్రం వద్దు. లింకు తెరుచుకుంటే చాలు మోటర్ లేచేలా రాస్తే, ఫోన్‌లో పాత ట్యాబ్ తనంతట తానే రీలోడ్ అయినా బోరు పోస్తుంది. 'చాలూ', 'బంద్' అని రెండు బటన్లు ఫారంలో పెట్టి పోస్ట్ పద్ధతిలో (లింకు తెరిస్తే కాదు, బటన్ నొక్కి ఫారం పంపితేనే పోయే ఆర్డరు) పంపండి. పనయ్యాక బోర్డు 303 జవాబుతో, అంటే 'ఇక ఆ పేజీకి వెళ్లు' అని బ్రౌజర్‌కు చెప్పే జవాబుతో, మొదటి పేజీకి మళ్లించాలి. అప్పుడు రిఫ్రెష్ కొట్టినా ఆ ఆర్డరు మళ్లీ పోదు.

[తెర మీద: కాంటాక్టర్ దగ్గరగా]

ఇంట్లో బాపు అడిగేది ఒక్కటే: "మోటర్ నడుస్తున్నదా, లేదా?" చాలా పేజీలు దీనికి అబద్ధం చెప్తాయి. మనం ఆఖర్న నొక్కిన బటన్‌నే చూపిస్తాయి మరి. ఒక ఫేజ్ పోయి ఓవర్‌లోడ్ రిలే (ఎక్కువ కరెంటు లాగితే మోటర్‌ను ఆపేది) ట్రిప్ అయినా పేజీలో 'నడుస్తోంది' అనే ఉంటుంది. స్టార్టర్‌లో మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్చే కాంటాక్టర్. దానికి ఖాళీగా ఉన్న ఆగ్జిలరీ కాంటాక్ట్ (పక్కనుండే చిన్న అదనపు స్విచ్) చూడండి, కాంటాక్టర్ పట్టినప్పుడు కలిసేది. దాని ఒక కొస బోర్డు పిన్నుకు, రెండోది గ్రౌండ్‌కు. పిన్నుకు పుల్అప్ (కాంటాక్ట్ కలవనప్పుడు పిన్నును 'హై'లో ఉంచే రెసిస్టర్) పెట్టండి. పేజీ 5 సెకన్లకోసారి ఆ పిన్నును అడగాలి, బటన్‌ను కాదు. ఆ కాంటాక్ట్‌కు వేరే కరెంటు వైరేదీ తగలొద్దు సుమా.

[తెర మీద: గజిబిజి అక్షరాల పేజీ, తర్వాత సరైన తెలుగు]

తెలుగు ఇలా వస్తోందా? పేజీతో పాటు బోర్డు పంపే హెడర్‌లో చార్‌సెట్ (అక్షరాల కోడు) యూటీఎఫ్-8 అని చేర్చండి. పేజీ సగంలో తెగిపోతే, పొడవును బైట్లతో కాక అక్షరాలతో లెక్కపెట్టి పంపారేమో చూసుకోండి. 'మోటర్' అనే మాటకే 15 బైట్లు పడతాయి. బయటి ఫాంట్లకు, స్టైల్ ఫైళ్లకు లింకులు పెట్టొద్దు. నెట్ లేని చోట వాటి కోసం ఎదురుచూస్తూ పేజీ ఆగిపోతుంది. పేజీని లిటిల్‌ఎఫ్‌ఎస్‌లో (బోర్డు మెమరీలో ఫైళ్లు దాచే ఏర్పాటు) విడి ఫైలుగా ఉంచితే రంగు మార్చినప్పుడల్లా ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు.

వైఫై పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి.

[తెర మీద: రిలే మీది అక్షరాలు]

బోర్డు చెప్పినట్టు కలిపి విడదీసే చిన్న స్విచ్ రిలే. దాంతో మోటర్‌ను నేరుగా వేయొద్దు, స్టార్టర్ బటన్ల వైర్లకే కలపాలి. కాంటాక్టర్ కాయిల్ 415 వోల్టులదైతే 250 వోల్టుల రిలే పనికిరాదు. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ బంద్ చేశాకే.