ఐ5-2500కె ఓవర్‌క్లాక్ రివ్యూ: ప్రైమ్95ను తట్టుకున్న సిస్టమ్ గేమ్‌లో ఎందుకు పడిపోతుంది?

నమస్కారం. ఈరోజు రివ్యూకు తీసుకున్నది పాత సరుకే. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్‌ను 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఏళ్ల తరబడి నడిపించిన ఒక డెస్క్‌టాప్ ఇది. ఈ చిప్ అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.7. మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెకు, అంటే మల్టిప్లయర్‌కు, తాళం లేదు కాబట్టి మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఆ అంకెను 45 చేసి, వోల్టేజీని కొద్దిగా పెంచితే, మంచి కూలర్ ఉన్నవారికి ఈ వేగం సులువుగానే అందేది. ఆ రోజుల్లో దీనికి వచ్చిన పేరంతా అందువల్లనే.

ఇలాంటి సిస్టమ్‌లలో ఇప్పుడు కనిపించే జబ్బు ఒకటుంది. బ్రౌజింగ్, సినిమాలు, ఆఫీసు పని అన్నీ సాఫీగా సాగుతాయి, గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి మాత్రం బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా మాటామంతీ లేకుండా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపినా ఏమీ కాదు కనుక, ఓవర్‌క్లాక్‌లో, అంటే ఇలా అసలు వేగాన్ని మించి నడపడంలో, తప్పు లేదని తీర్మానించి, చాలామంది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మార్చి మార్చి చూస్తారు. నా అభిప్రాయంలో ఆ తీర్మానం తొందరపాటు.

ప్రైమ్95 ప్రాసెసర్ మీద పెట్టే భారం ఎక్కువే అయినా అది నిలకడగా ఉంటుంది. వోల్టేజీ ఒకచోట స్థిరపడుతుంది, వేడి ఒకచోట ఆగుతుంది. గేమ్‌లో భారం క్షణక్షణానికీ ఎగిరిపడుతుంది: లోడింగ్ స్క్రీన్ దగ్గర ఒక కోర్ మాత్రమే పరుగెడుతుంది, మరుక్షణం నాలుగూ లేస్తాయి, మళ్లీ రెండు చల్లబడతాయి. ప్రతి మార్పుకూ ప్రాసెసర్‌కు అందే వోల్టేజీ ఒకసారి కిందికి జారి, తిరిగి సర్దుకుంటుంది. ఆ జారుడును తగ్గించడానికే బయోస్‌లో లోడ్-లైన్ కాలిబ్రేషన్ అనే సెట్టింగు ఉంది, కానీ దాన్ని చివరి మెట్టుకు తీసుకెళ్తే భారం తగ్గిన క్షణంలో వోల్టేజీ అవసరానికి మించి ఎగురుతుంది కనుక మధ్య మెట్టు దగ్గర ఆగడమే మేలు. దీనికి తోడు, ప్రైమ్95 నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటుంది. గేమ్‌లో అదే కార్డు క్యాబినెట్‌ నిండా వేడి గాలి నింపుతూ, ప్రాసెసర్ వాడుకునే 12 వోల్టుల కరెంటునే తానూ లాగుతుంది. అంటే ప్రైమ్95లో నెగ్గడం ప్రాసెసర్‌కు పెట్టిన ఒక పరీక్షలో నెగ్గడం మాత్రమే, మొత్తం సిస్టమ్ పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు స్క్రీన్ మీద, విండోస్ తన పొరపాట్లను రాసుకునే లాగ్‌ను చూపే ఈవెంట్ వ్యూయర్‌ను చూడండి. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అనే ఎర్ర గుర్తు కనిపిస్తుంది. విండోస్ సరిగ్గా మూతపడలేదని చెప్పడం తప్ప ఆ పేరుతో తెలిసేదేమీ లేదు, దాన్ని చూసి కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే కరెంటు సరఫరా డబ్బాను, కొనేయకండి. డీటెయిల్స్ ట్యాబ్ తెరిస్తే బగ్‌చెక్ కోడ్ అనే వరుస ఉంటుంది. ఇక్కడ 292 అని ఉంది కదా, దాన్ని హెక్సాడెసిమల్‌లోకి మారిస్తే 124 వస్తుంది, అది హార్డ్‌వేరే స్వయంగా పట్టిచ్చిన పొరపాటు. ఓవర్‌క్లాక్ చేసిన శాండీ బ్రిడ్జ్ (ఈ ప్రాసెసర్ తరం పేరు) సిస్టమ్‌లో ఈ కోడ్ కనిపిస్తే నేను ముందుగా అనుమానించేది ప్రాసెసర్‌కు వోల్టేజీ చాలడం లేదనే. 278 ఉంటే, అంటే 116, గ్రాఫిక్స్ వైపు చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం కనుక, అప్పుడు కరెంటు సరఫరాను అనుమానించవచ్చు. క్రాష్ కాని రోజుల్లో సైతం డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో 19వ నంబరు హెచ్చరికలు పోగుపడుతూ ఉంటే, ప్రాసెసర్ తప్పులు చేసి తానే దిద్దుకుంటోందన్నమాట. దిద్దుకోలేని రోజున వచ్చేదే ఆ బ్లూ స్క్రీన్.

కోడ్ ఏదైనా, బయోస్‌లో అన్నిటినీ డీఫాల్ట్‌కు తెచ్చి, గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్‌ను కూడా తీసేసి, అదే గేమ్‌ను కొన్ని రోజులు ఆడాలి. ర్యామ్‌ను మరచిపోవద్దు: ఈ ప్రాసెసర్‌కు అధికారిక పరిమితి డీడీఆర్3-1333 కనుక ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగు, అంటే 1600 ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్, కూడా ఓవర్‌క్లాకే. డీఫాల్ట్‌లోనూ క్రాష్ అయితే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను రాత్రంతా నడపండి, ఒక్క ఎర్ర గీత కనిపించినా స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

ర్యామ్ నెగ్గితే తరువాతి వంతు ఎస్‌ఎంపీఎస్‌ది. గేమ్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య మల్టీమీటర్ పెడితే 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు చూపాలి. అంకె ఆ హద్దులోనే ఉన్నా, భారం పెరిగినప్పుడల్లా కిందికి కుంగుతుంటే పాత కెపాసిటర్లు అలసిపోయాయని అనుమానించవచ్చు. ఆ డబ్బాను మాత్రం విప్పవద్దు, ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉంటుంది.

డీఫాల్ట్‌లో నిలబడి ఓవర్‌క్లాక్‌లో పడితే చిప్‌కు వయసు వచ్చిందనుకోవచ్చు. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి ఏళ్ల తరబడి భరించిన ట్రాన్సిస్టర్లు అదే వేగానికి క్రమంగా మరింత వోల్టేజీ అడుగుతాయి. ముందుగా కూలర్ తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను తుడిచి, కొత్తది వేయండి. శాండీ బ్రిడ్జ్‌లో చిప్‌కూ పైమూతకూ మధ్య సోల్డర్ ఉంటుంది కాబట్టి మూత ఊడదీసే సాహసం అక్కరలేదు. గాలితో చల్లబరిచే కూలర్ ఏదీ గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు, అందుకే జనవరిలో కుదిరిన సెట్టింగు విజయవాడ మే నెలలో నిలుస్తుందన్న హామీ లేదు.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఇంకాస్త వోల్టేజీ పెంచమని. నేను మల్టిప్లయర్‌ను 42కు తగ్గించమంటాను. వేగంలో పోయేది 7 శాతం లోపే. దానితోపాటు వోల్టేజీని 1.32 నుంచి 1.24కు దించగలిగితే, విద్యుత్తు వేగంతో నేరుగా, వోల్టేజీ వర్గంతో మారుతుంది కనుక, ప్రాసెసర్ తాగే కరెంటు ఆరో వంతుకు పైగా తగ్గుతుంది. ఆ మేరకు మదర్‌బోర్డు మీద కరెంటు అందించే మాస్‌ఫెట్లకూ, ఎస్‌ఎంపీఎస్‌కూ ఊపిరి దొరుకుతుంది. ఆపైన లాగ్‌లో 19వ నంబరు మళ్లీ రాకుండా ఉంటే ఆ సెట్టింగును నమ్మవచ్చు.

క్రాష్‌లు పోయాక కూడా కొత్త గేముల్లో కుదుపులు వస్తే వాటిని ఈ ఖాతాలో వేయకండి. ఈ చిప్‌లో ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు మాత్రమే, నాలుగూ నూరు శాతానికి చేరిన చోట ఫ్రేములు తడబడతాయి. 4.2 నుంచి 4.5కు వెళ్లినంత మాత్రాన ఆ తడబాటు తీరదు.