కెమెరా సరే, డిగ్రీ ఏది?

అందరికీ నమస్కారం. ఏటా ఇంటర్ రిజల్ట్స్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా వాడికి ఫొటోలంటే ప్రాణమండీ, ఏ డిగ్రీలో చేర్పించమంటారు" అని ఒకరు, "మా అమ్మాయి పేపర్లో ఫొటోగ్రాఫర్ అవుతానని పట్టుబట్టింది, మీరైనా నచ్చజెప్పి మాన్పించండి" అని ఇంకొకరు. ఫోన్లో అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇవాళ ఇలా కూర్చున్నాం. మాన్పించడానికైతే నేను రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ విశాఖలోనే పేపర్లో ఫొటోగ్రాఫర్‌గా పని చేస్తున్నాను, మళ్లీ మొదలుపెట్టమన్నా ఇదే చేస్తాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కెమెరా నేర్చుకోవడానికి మూడేళ్ల డిగ్రీ అక్కర్లేదు. అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ, ఎదురెండలో మొహం నల్లబడకుండా తీయడం, ఇవన్నీ రోజూ తీస్తూ ఉంటే ఆరు నెలల్లో చేతికి వచ్చేస్తాయి. అంత తొందరగా రానిది ఒకటుంది, మన కళ్ల ముందు జరుగుతున్నది అసలు ఏమిటో అర్థం కావడం. డిగ్రీ అందుకు పనికిరావాలి.

నేను చదివింది బీకాం. బ్యాంకు ఉద్యోగం వస్తుందని మా నాన్నగారు చేర్పించారు. చాలా ఏళ్లు ఆ మూడేళ్లూ వృథా అనే అనుకున్నాను, 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడేదాకా. మీలో చాలామంది ఆ మంటలు టీవీలో చూసే ఉంటారు. ఆ రాత్రి అక్కడికి చేరిన ప్రతి ఒక్కరికీ మంటల ఫొటో దొరికింది, నాకూ దొరికింది. తెల్లారాక జెట్టీ దగ్గర నీళ్ల మీద బూడిద, డీజిల్ తెట్టు, అక్కడక్కడా ఇంకా పొగ. వలల కుప్ప పక్కన ఒకతను కూర్చుని ఉన్నాడు, పక్కనే వేటకని సర్దుకున్న బట్టల సంచి. బోటు మీదేనా అన్నాను. "కాదు బాబూ, కలాసీని" అన్నాడు, అంటే బోటు మీద పనిచేసే కూలీ. ఆ ఒక్క మాటతో నా బుర్రలో లెక్క మొదలైంది. బోటు పోతే యజమానికి ఇన్సూరెన్స్ ఉందా, లోన్ ఎంత అని అందరూ అడుగుతారు, పరిహారం మాట వచ్చినా మొదట ఆయన పేరే వస్తుంది. కలాసీకి జీతం ఉండదు, పట్టిన చేపల్లో ఖర్చులు పోగా వచ్చే వాటా ఉంటుంది, వేట లేకపోతే వాటా లేదు, ఆ వాటా పోయిందని చూపించే కాగితం అతని దగ్గర ఒక్కటీ ఉండదు. నేను మంటలు వదిలేసి రెండు రోజులు ఆ సంచి వెంట తిరిగాను. ఆ ఆలోచన నాకు కెమెరా నేర్పింది కాదు, కాలేజీలో విసుక్కుంటూ చదివిన అకౌంట్స్ నేర్పింది.

సైన్సు వాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు 12 మంది చనిపోయారు. రోడ్ల మీద పడిపోయిన మనుషుల ఫొటోలు దేశమంతా చూసింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోకుండా నేలబారున పాకుతుంది. ఈ ముక్క తెలిసినవాడు ఎటువైపు నిలబడితే ప్రాణం నిలుస్తుందో చూసుకుంటాడు, ఆ తర్వాత మాడిపోయిన చెట్ల ఆకులు ఏ వీధి దాకా ఉన్నాయో, ఎంత ఎత్తు దాకా ఉన్నాయో ఫొటో తీస్తాడు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఈ పనిలోకి వస్తానంటే నేను రెండు చేతులా ఆహ్వానిస్తాను.

ఇంకొకటి, పాడేరు వైపు డోలీ మోతలు. గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో మన పేపర్లలో ఏటా వస్తూనే ఉంది, చూసి అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తున్నాం. రోడ్డు ఆ ఊరికి ఎందుకు రాలేదు? గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు కొండ ప్రాంతాల్లో 250 జనాభా ఉంటేనే రోడ్డు అన్నారు, మైదానంలో అయితే 500. ఇది తెలిసినవాడు డోలీతో పాటు ఊళ్లో ఇళ్లు కూడా లెక్కపెడతాడు, రోడ్డు సరిగ్గా ఏ మలుపు దగ్గర ఆగిపోయిందో అక్కడికి వెళ్లి నిలబడతాడు. సోషియాలజీ, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్, లేదా మన ఆంధ్రా యూనివర్సిటీలో (ఏయూ) ఎప్పటినుంచో ఉన్న ఆంత్రోపాలజీ, ఇవి "మార్కెట్ లేని సబ్జెక్టులు" అని ఎవరైనా అంటే నమ్మకండి. మన పనిలో వీటికున్నంత మార్కెట్ దేనికీ లేదు.

ఈ రంగంలో పేరున్న పెద్ద ఫొటోగ్రాఫర్లు ఏం చదివారో చూడండి. రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల ఫొటోలకు 2018లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం అవార్డు అందుకున్న రాయిటర్స్ బృందంలో ఉన్న దానిష్ సిద్దిఖీ మొదట ఎకనామిక్స్ చదివారు, తర్వాత ఢిల్లీ జామియా మిలియా యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ చేశారు. బ్రెజిల్‌కు చెందిన సెబాస్టియావ్ సల్గాడో కూడా ఎకనామిక్సే, అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఉద్యోగం చేస్తూ ఆఫ్రికా తిరుగుతున్నప్పుడు కెమెరా పట్టారు. కూలీల బతుకుల మీద ఆయన ఏళ్ల తరబడి చేసిన పని చూస్తే ఆ చదువు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా మాత్రం బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. అంటే ఆర్ట్ దారి కూడా ఉంది, కాదనను.

ఆ దారి కావాలనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, నాలుగేళ్లు, దానికి వేరే ఎంట్రన్స్ రాయాలి. రాష్ట్రం వేరు కాబట్టి మనవాళ్లకు సీట్లు ఏ లెక్కన ఇస్తారో ముందే కనుక్కోండి. వెలుగు, కంపోజిషన్, ప్రింటింగ్ అక్కడ గట్టిగా నేర్పుతారు. వార్త ఎలా పుడుతుందో మాత్రం మీరే బయట నేర్చుకోవాలి. ఇంకో పద్ధతి, నేను ఎక్కువమందికి చెప్పేది, ఇక్కడే ఇంట్లో ఉండి మీకు నచ్చిన సబ్జెక్టులో మామూలు డిగ్రీ చేసి, ఆ మూడేళ్లూ ఊరంతా ఫొటోలు తీసి, ఆ తర్వాత పీజీలో జర్నలిజానికో ఫొటోగ్రఫీకో వెళ్లడం. ఏయూలో జర్నలిజం పీజీ ఉంది, చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది, జామియాలో స్టిల్ ఫొటోగ్రఫీకి పీజీ డిప్లొమా ఉంది, గాంధీనగర్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో (ఎన్‌ఐడీ) ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. పద్దెనిమిదేళ్లకు తీసుకున్న నిర్ణయం ఇరవై ఒకటికి మారిపోవచ్చు, అప్పటికి చేతిలో ఒక సబ్జెక్టు ఉంటుంది.

ఏ కాలేజీకి వెళ్లినా ల్యాబ్‌లో ఏ కెమెరాలు ఉన్నాయని అడగకండి. చివరి ఏడాది పిల్లలు తీసిన ఫొటోలు చూపించమనండి, కింద క్యాప్షన్లతో సహా. చూపించడానికి తటపటాయించారంటే ఇంక ఫీజు గురించి అడగక్కర్లేదు, వచ్చేయండి.

క్యాప్షన్ అన్నాను కాబట్టి ఇది చెప్పాలి. నేను పనిలో చేరిన రెండో ఏడాది, మన పెద్దాసుపత్రి కేజీహెచ్ మార్చురీ బయట ఒకావిడ గోడకు తల ఆనించి ఏడుస్తుంటే తీశాను. మంచి ఫొటో. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరినీ అడగకుండా "మృతుడి భార్య" అని రాసి పంపేశాను. మర్నాడు ఆవిడ పేపరు మడిచి చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఆవిడ అతని చెల్లెలు, పెళ్లి కుదిరి ఉంది. అరవలేదు, తిట్టలేదు. ఆ ఫొటో మీద వేలు పెట్టి, "ఇది చూసి వాళ్లు ఏమనుకుంటారండి" అని మాత్రం అడిగింది. మర్నాడు లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేశారు. మొదటి పేజీ చూసినవాళ్లలో ఎంతమంది ఆ మూడు లైన్లు చదివి ఉంటారు? అందుకే మీ డిగ్రీ ఏదైనా, అందులో వారం వారం రాయించి, తప్పులు దిద్ది, పేర్లూ వరసలూ రెండుసార్లు అడిగి రాసే అలవాటు చేసే మాస్టారు ఒక్కరైనా ఉండాలి.

చట్టం కూడా కొంచెం తెలియాలి. లైంగిక దాడి బాధితుల్ని గుర్తుపట్టేలా ఫొటో వేస్తే నేరం, బాధితులు పిల్లలైతే పోక్సోలో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టంలో, 23వ సెక్షన్ విడిగా ఉంది. మొహం బ్లర్ చేశాం కదా అంటే సరిపోదు, వెనక ఇంటి గేటు కనిపించినా జనం గుర్తుపట్టేస్తారు. మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, నిషేధిత ప్రాంతం బోర్డు కనిపిస్తే కెమెరా బ్యాగులో పెట్టేయాలి, డ్రోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నిజాయతీ సంగతి కూడా అంతే. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుంది. సిరియాలో తీసిన ఫొటోలో ఒక మూల కనిపించిన వీడియో కెమెరాను ఆయన ఫొటోషాప్‌లో చెరిపేశారు, అంతే. అంతకు ముందు ఏడాదే పులిట్జర్ అందుకున్న బృందంలో ఆయన ఉన్నారు. ఇన్‌స్టాలో ఫిల్టర్లకు అలవాటుపడిన చేతులకు ఈ గీత ఎక్కడుందో మొదటి రోజే తెలియాలి.

అమ్మానాన్నలకు డబ్బు మాట. స్టాఫ్ ఫొటోగ్రాఫర్ ఉద్యోగాలు తక్కువ, మొదట్లో వచ్చేదీ తక్కువ, కొన్నేళ్లు పెళ్లిళ్లు తీసి ఇల్లు నడుపుకోవాల్సి రావచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. అందుకే లక్షలు అప్పు చేసి సర్టిఫికెట్ కోర్సుల్లో చేర్పించకండి. ఆ అప్పు నెత్తిన ఉన్న పిల్లలు రెండో ఏటికే ఈ పని వదిలేసి వెళ్లిపోవడం నేను చూశాను, వాళ్లలో నాకన్నా మంచి కన్ను ఉన్నవాళ్లున్నారు. మొదటి ఏడాది ఫోన్ చాలు. రెండో ఏడాది ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ, ఒక 50 ఎంఎం లెన్స్. మిగిలిన డబ్బు బస్సు ఛార్జీలకు ఇవ్వండి.

ఇక మాటలు చాలు. ఇప్పుడు సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది, జూన్ 14 దాకా బోట్లన్నీ జెట్టీకే కట్టి ఉంటాయి. ఏమీ జరగనప్పుడు అక్కడ తీయడానికేముంది అనుకుంటారు. వలలు అల్లుతుంటారు, ఇంజిన్లు విప్పుతుంటారు, కలాసీలు కొందరు వేరే కూలి పనికి వెళ్తుంటారు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు ఈ రెండు నెలలూ ఏం చేస్తారో మీరే అడిగి తెలుసుకోండి. ఆదివారం ఉదయం అయిదున్నరకు ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర ఉంటాను. ఫోన్ తెచ్చుకున్నా పరవాలేదు, ఒక నోటుబుక్కు, పెన్ను మాత్రం మర్చిపోకండి. ఒక్కొక్కరు పది ఫొటోలు, ప్రతి ఫొటోకూ రెండు వాక్యాలు, అందులో ఉన్న మనిషి పేరు ఆ మనిషినే అడిగి రాసుకోవాలి. తొమ్మిదింటికి అక్కడే టీ కొట్టు దగ్గర కూర్చుని అందరివీ చూద్దాం.